బాండు షరతులూ, కంపెనీ మోసే నిజమైన వడ్డీ
(పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు)

ఈసారి అందిన ప్రశ్నల్లో చాలావాటి వెనుక ఒకే సందేహం ఉంది. రెండు కంపెనీలు ఒకే మొత్తాన్ని, ఒకే గడువుకు బాండ్ల ద్వారా సేకరించినప్పుడు ఒకదానికి తక్కువ వడ్డీకి, మరొకదానికి ఎక్కువ వడ్డీకి అప్పు ఎందుకు పుడుతుంది? కంపెనీ ఆర్థిక స్థితి ఒక కారణమన్నది అందరికీ తెలిసినదే. బాండు ఒప్పందంలో రాసుకున్న షరతులు అంతకు తీసిపోని కారణం. కాబట్టి ఆ షరతుల గురించిన ప్రశ్నలనే ఎంచుకున్నాను.

ప్రశ్న: నేను ఒక సంస్థ ఆర్థిక విభాగంలో కొత్తగా చేరాను. మా సంస్థ 7 శాతం కూపన్‌తో 5 ఏళ్ల బాండ్లను జారీ చేసింది. కానీ పై అధికారులు ఈ అప్పు ఖర్చు 8 శాతానికి పైనే ఉందంటున్నారు. పత్రం మీద 7 అని ఉండగా 8 ఎలా అవుతుంది?

జవాబు: కూపన్ అంటే బాండు పత్రం మీద రాసిన వడ్డీ. ఆ పత్రాన్ని అమ్మిన రోజున కంపెనీ చేతికి ఎంత సొమ్ము వచ్చిందో ఆ అంకె చెప్పదు. మీ సంస్థ స్థాయి కంపెనీ నుంచి 5 ఏళ్ల అప్పుకు మార్కెట్టు 8 శాతం ప్రతిఫలం కోరుతోందనుకుందాం. మీరు 7 శాతమే ఇస్తామంటే మదుపరి కాదనడు, ముఖవిలువ 100 ఉన్న బాండుకు 100 ఇవ్వడం మాత్రం మానేస్తాడు. ఏటా వచ్చే 7నూ, చివర వచ్చే 100నూ 8 శాతం చొప్పున నేటి విలువకు మార్చి చూసుకుని 96.01 మాత్రమే చెల్లిస్తాడు. అందులోంచి ఇష్యూ నడిపించిన బ్యాంకర్ల రుసుము, న్యాయవాదుల రుసుము, కంపెనీ పరపతికి గ్రేడు ఇచ్చే రేటింగ్ సంస్థకు, మదుపరుల తరఫున ఒప్పందాన్ని కనిపెట్టి ఉండే ట్రస్టీకి ఇచ్చినవి అన్నీ కలిపి 1 పోయిందనుకుంటే మీ చేతికి మిగిలేది 95.01. దాని మీద ఏటా 7 చెల్లించి, అయిదో ఏట 100 తిరిగి ఇవ్వడమంటే ఏడాదికి దాదాపు 8.26 శాతం వడ్డీకి అప్పు తెచ్చుకున్నట్లే. మీ అధికారులు చెబుతున్నది ఈ లెక్కే అయి ఉంటుంది.

ఈ విషయం కాస్త వింతగా కనిపించేది సున్నా కూపన్ బాండ్లలో. పదేళ్లపాటు ఒక్క పైసా వడ్డీ చెల్లించని బాండును 8 శాతం ప్రతిఫలం వచ్చేలా అమ్మితే కంపెనీకి నేడు అందేది 46.32 మాత్రమే. పదేళ్ల తరువాత ఇవ్వవలసిన 100కూ దీనికీ మధ్య ఉన్న 53.68 మొత్తం వడ్డీయే. మధ్యలో నగదు బయటికి పోకపోవడం, కట్టడానికి ఏళ్లు పట్టే ప్రాజెక్టులకు నిజంగా ఉపకరిస్తుంది. అయితే మదుపరి తన రాబడి మొత్తాన్నీ చివరి ఒక్క రోజు మీదనే పెట్టుకుంటున్నాడు కనుక, బలహీనమైన కంపెనీ ఈ రకం బాండు తెస్తే ఆ నిరీక్షణకు కూడా విడిగా ధర అడుగుతాడు.

ఇంకొకటి కూడా చేర్చాలి. చాలా దేశాల్లో కంపెనీ చెల్లించే వడ్డీని పన్ను లెక్కలో ఖర్చుగా చూపించవచ్చు. పన్ను 25 శాతం అయితే 8.26 శాతం కాస్తా దాదాపు 6.2 శాతానికి దిగుతుంది. పన్ను కట్టవలసినంత లాభం ఉన్న కంపెనీకే ఈ ఊరట దొరుకుతుంది. పైగా ఎంత వడ్డీని ఖర్చుగా చూపించవచ్చనే దానికి పలు దేశాలు లాభంలో ఇంత శాతమని పరిమితులు విధించాయి. అందుచేత నష్టాల్లో ఉన్న కంపెనీ పన్ను ఆదాను చూసి అప్పు చవక అనుకోవడం పొరపాటు.

ప్రశ్న: మేము 10 ఏళ్ల బాండ్లను జారీ చేయబోతున్నాం. గడువుకు ముందే తీర్చే హక్కు లేకపోతే 8 శాతానికి అప్పు పుడుతుంది. 5 ఏళ్ల తరువాత ముందుగా తీర్చే కాల్ ఆప్షన్ పెట్టుకుంటే మదుపరులు 8.40 శాతం అడుగుతున్నారు. ముందుగా తీర్చేటప్పుడు 100కు బదులు 102 చెల్లించాలట. ఈ హక్కు కొనుక్కోవడం మంచిదేనా?

జవాబు: మీరు “కొనుక్కోవడం” అనే మాట వాడారు, అది సరైన మాట. మదుపరి మీకు ఒక హక్కు అమ్ముతున్నాడు, దాని ధరను ఏటా 0.40 చొప్పున వడ్డీలో కలిపి వసూలు చేస్తున్నాడు. అతడు ధర అడగడంలో అన్యాయం లేదు. వడ్డీ రేట్లు తగ్గితే మీరు అతడి సొమ్ము తిరిగి ఇచ్చేస్తారు, అతడు దాన్ని తక్కువ వడ్డీకి మళ్లీ మదుపు చేసుకోవాలి. రేట్లు పెరిగితే మీరు కదలరు, అతడు పాత వడ్డీతోనే సరిపెట్టుకోవాలి. రెండు వైపులా నష్టపోయే స్థానంలో నిలబడడానికి ఎవరైనా ప్రతిఫలం కోరతారు.

లెక్క వేసి చూద్దాం. సులువు కోసం కాలంతో మారే సొమ్ము విలువను పక్కన పెడుతున్నాను, నిర్ణయం తీసుకునేటప్పుడు మీరు దాన్ని తప్పక కలపాలి. మొదటి 5 ఏళ్లలో మీరు అదనంగా చెల్లించేది 2. అయిదో ఏట బాండ్లను వెనక్కి తీసుకుంటే ప్రీమియం మరో 2, కొత్త బాండ్ల జారీ ఖర్చు 1 అనుకుందాం. అప్పటికి 5 ఏళ్ల అప్పు మీకు 6 శాతానికి దొరికితే, కాల్ లేని బాండుతో పోల్చినప్పుడు మిగిలిన 5 ఏళ్లలో ఏటా 2 చొప్పున 10 మిగులుతుంది. ఖర్చు మొత్తం 5 కనుక నికరంగా 5 లాభం. రేట్లు 8 శాతం దగ్గరే ఉండిపోతే మీరు హక్కు వాడుకోరు, పదేళ్లలో 4 వృథాగా చెల్లించినట్లు అవుతుంది.

ఈ రెంటి మధ్య ఉన్న ప్రాంతాన్ని చాలామంది గమనించరు. అయిదో ఏట రేటు 7.8 శాతం కంటే తగ్గితే బాండ్లను వెనక్కి తీసుకోవడమే తెలివైన పని, ఎందుకంటే అప్పటికే చెల్లించిన అదనపు వడ్డీ ఎలాగూ తిరిగి రాదు. కానీ మొదటి నుంచీ చూసుకుంటే ఈ హక్కు మీకు కలిసి రావాలంటే రేటు 7 శాతం కంటే కిందికి దిగాలి. 7కూ 7.8కూ మధ్య మీరు చేసేది నష్టాన్ని తగ్గించుకోవడమే. కాల్ ఆప్షన్ వాడి “వడ్డీ ఆదా చేశాం” అని నివేదికలో రాసే కంపెనీలు మొదటి అయిదేళ్లలో ఆ ఆదాకు ఎంత ముందస్తు చెల్లింపు చేశాయో కూడా రాస్తే బాగుంటుంది.

మరి మీ నిర్ణయం? మీకు అయిదేళ్ల తరువాత తక్కువ రేటుకు అప్పు దొరకడానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, మార్కెట్టులో వడ్డీ రేట్లే దిగడం. రెండు, మీ కంపెనీ బలపడి రేటింగ్ మెరుగుపడడం. మొదటిదాన్ని మీకంటే మార్కెట్టే బాగా అంచనా కడుతుంది, ఆ అంచనా అంతా మీకు చెప్పిన 0.40లో ఇప్పటికే కలిసి ఉంది. రెండోదాన్ని మాత్రం బయటివారికంటే మీరే బాగా ఎరుగుదురు. కట్టుబడిలో ఉన్న కర్మాగారం పనిచేయడం మొదలుపెడితే మీ పరపతి మారుతుందని మీకు గట్టి నమ్మకం ఉంటే కాల్ ఆప్షన్‌కు డబ్బు పెట్టండి. రేట్లు తగ్గుతాయనే ఊహ ఒక్కటే ఆధారమైతే పెట్టవద్దు. తక్కువ రేటింగ్ ఉన్న కంపెనీల బాండ్లలో, కొన్నేళ్ల విరామం తరువాత ముందుగా తీర్చే హక్కు దాదాపు మామూలు షరతుగా కనిపించడానికి కారణం ఇదే. పరపతి పెరిగేందుకు వాటికి ఎక్కువ చోటు ఉంటుంది.

ఉన్నత రేటింగ్ కంపెనీలు ఎక్కువగా వాడేది వేరే రకం, దాన్ని మేక్-హోల్ కాల్ అంటారు. ఇందులో ముందుగా తీర్చాలంటే మిగిలిన చెల్లింపులన్నింటినీ ప్రభుత్వ బాండు రేటుకు కొద్దిపాటి అదనం కలిపిన రేటుతో నేటి విలువకు మార్చి, ఆ మొత్తం ఇవ్వాలి. రేట్లు తగ్గే కొద్దీ ఇవ్వవలసిన మొత్తం పెరుగుతుంది కనుక కంపెనీకి రేట్ల తగ్గుదల వల్ల మిగిలేదేమీ ఉండదు, అందువల్లనే ఈ హక్కుకు మదుపరి పెద్దగా ధర అడగడు. విలీనం వచ్చినప్పుడు పాత షరతుల నుంచి బయటపడడానికి ఇది దారి చూపుతుంది.

పుట్ ఆప్షన్ కాల్ ఆప్షన్‌కు తలకిందులు. గడువుకు ముందే సొమ్ము వెనక్కి అడిగే హక్కును మదుపరికి ఇస్తే కూపన్ తగ్గుతుంది. కానీ మదుపరులు దాన్ని వాడేది రేట్లు పెరిగినప్పుడు, లేదా మీ పరపతి దెబ్బతిన్నప్పుడు. అంటే కొత్త అప్పు పుట్టడం అన్నింటికంటే కష్టమైన రోజునే పాత అప్పు వచ్చి తలుపు తడుతుంది. నగదు నిల్వలు గట్టిగా లేని కంపెనీ 0.30 శాతం తగ్గుతుందని చూసి ఈ హక్కును అమ్ముకోవడం నాకు ఎప్పుడూ భయం కలిగించే విషయమే.

ప్రశ్న: నేను వాణిజ్య శాస్త్ర విద్యార్థినిని. ఆస్తులు తనఖా పెట్టిన బాండ్లకు వడ్డీ తక్కువని చదివాను. అలాగైతే ప్రతి కంపెనీ ఉన్న ఆస్తులన్నీ తనఖా పెట్టేసి చవకగా అప్పు తెచ్చుకోవచ్చు కదా? అలాగే, చేతులు కట్టేసే కవనెంట్లను కంపెనీలు ఎందుకు ఒప్పుకుంటాయి?

జవాబు: ఈ రెండు ప్రశ్నలను మీరు కలిపి అడగడం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

మొదట తనఖా. ఒక కంపెనీ ఏడాదిలో అప్పు ఎగవేసే అవకాశం 2 శాతం అనుకుందాం. తనఖా లేని బాండులో, ఎగవేత జరిగితే మదుపరి 100కు 60 పోగొట్టుకుంటాడనుకుంటే ఏటా సగటున ఊహించదగిన నష్టం 1.2 శాతం. ఆస్తులు తనఖా ఉండి నష్టం 35కు పరిమితమైతే అది 0.7 శాతం. ఆ తేడా 0.5 శాతం, అంటే 50 బేసిస్ పాయింట్లు, తనఖా ఉన్న బాండు వడ్డీలో తగ్గుతుంది. (వడ్డీలోని అదనంలో ఊహించదగిన నష్టం ఒక భాగమే. అనిశ్చితిని భరించినందుకు, బాండును కావలసినప్పుడు అమ్ముకోలేని ఇబ్బందికి కూడా మదుపరి విడిగా అడుగుతాడు.)

కానీ తనఖా పెట్టినంత మాత్రాన కంపెనీ ఆస్తులు పెరగలేదు, అవి ఎవరికి ముందు చెందుతాయో మాత్రమే మారింది. తనఖా దారులకు ఎక్కువ దక్కితే మిగతా రుణదాతలకు ఆ మేరకు తక్కువ దక్కుతుంది. వారు తమ వడ్డీ పెంచుతారు, సరుకు అప్పుగా ఇచ్చేవారు గడువు తగ్గిస్తారు. 1958లో ఫ్రాంకో మొడిగ్లియానీ, మెర్టన్ మిల్లర్ చూపించినదాని సారం ఇదే. పన్నులూ దివాలా ఖర్చులూ లేని ఆదర్శ మార్కెట్టులో కంపెనీ రాబడిని ఎన్ని రకాల పత్రాలుగా విడగొట్టినా మొత్తం విలువ మారదు. అందుకే “ప్రతి ఆస్తినీ తనఖా పెడితే అప్పు చవకవుతుంది” అనే లెక్క ఒక పత్రాన్ని మాత్రమే చూసే లెక్క. మరొక ముఖ్యమైన విషయం, తనఖా పెట్టని ఆస్తి కష్టకాలంలో చివరి ఆసరా. అన్నీ మంచి రోజుల్లోనే తాకట్టు పెట్టేస్తే చెడ్డ రోజున అప్పు అడగడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఇక కవనెంట్లు, అంటే ఫలానా పనులు చేయబోమని కంపెనీ ఒప్పందంలో రాసి ఇచ్చే హామీలు. వీటి స్వభావం వేరు. 1976లో మైఖేల్ జెన్సెన్, విలియం మెక్లింగ్ యజమానులకూ రుణదాతలకూ మధ్య ఉండే ప్రయోజనాల వైరుధ్యాన్ని వివరంగా విశ్లేషించారు. అప్పు తెచ్చుకున్న తరువాత వాటాదారులకు కొన్ని ఆకర్షణలు కలుగుతాయి. ఆ సొమ్ముతో మరింత ప్రమాదకరమైన వ్యాపారంలోకి దిగవచ్చు, గెలిస్తే లాభం తమది, ఓడితే నష్టంలో పెద్ద భాగం రుణదాతలది. లేదా ఆస్తులు అమ్మి ఆ డబ్బును డివిడెండుగా పంచుకోవచ్చు. లేదా పాత అప్పుతో సమానమైన హక్కు ఉన్న కొత్త అప్పును కుప్పగా తెచ్చుకోవచ్చు. రుణదాతలు ఇవన్నీ ముందే ఊహించి, ఆ ప్రమాదానికి తగిన వడ్డీని మొదటి రోజునే వేస్తారు. దీని ఫలితం గమనించండి, ఇలాంటి పనులు చేసే ఉద్దేశం ఏ కోశానా లేని కంపెనీ కూడా, ఆ మాటను నమ్మించే మార్గం లేనందువల్ల, చేయని తప్పుకు ఏటా జరిమానా చెల్లిస్తుంది. కవనెంటు ఆ మార్గం. “ఇంత మించి అప్పు చేయం, లాభంలో ఇంత శాతానికి మించి పంచం, ఇతరులకు ఆస్తులు తనఖా పెడితే మీకూ సమానంగా పెడతాం” అని రాసి సంతకం చేసిన కంపెనీ ఆ జరిమానాను తప్పించుకుంటుంది.

తనఖా నష్టాన్ని ఒకరి నుంచి మరొకరికి జరుపుతుంది. కవనెంటు, సరిగ్గా రాస్తే, నష్టం కలిగించే పనినే జరగకుండా ఆపుతుంది. ఒక షరతు వల్ల అప్పు ఖర్చు నిజంగా తగ్గిందా, లేక మరో ఖాతాలోకి మారిందా అన్నది తేల్చుకోవడానికి నేను వాడే గీటురాయి ఇదే.

రాయని మాటకు విలువ లేదని మార్కెట్టుకు గట్టిగా తెలిసిన ఘటన 1988లో జరిగింది. అమెరికాలోని ఆర్‌జేఆర్ నబిస్కో అనే పెద్ద సంస్థను భారీగా అప్పు చేసి కొనే ప్రతిపాదన ఆ అక్టోబరులో బయటికి వచ్చింది. చివరికి కోల్‌బర్గ్ క్రావిస్ రాబర్ట్స్ సంస్థ సుమారు 2,500 కోట్ల డాలర్లకు దాన్ని సొంతం చేసుకుంది. వాటాదారులకు మంచి ధర దక్కింది. కానీ ఆ కొనుగోలు అప్పు కంపెనీ నెత్తి మీదనే పడుతుంది కనుక, అప్పటివరకు భద్రమైనవిగా చూసిన పాత బాండ్ల ధరలు ఒక్కసారిగా కూలిపోయాయి. ఆ బాండ్లు కొన్న మెట్రోపాలిటన్ లైఫ్ బీమా సంస్థ, ఇలాంటి పని చేయబోమన్న మాట ఒప్పందంలో అంతర్లీనంగా ఉందని కోర్టుకు వెళ్లింది. ఒప్పందంలో లేని రక్షణను తాము చేర్చలేమని 1989లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తేల్చి చెప్పింది. ఆ తరువాత, యాజమాన్యం మారితే మదుపరి తన బాండును కంపెనీకే తిరిగి అమ్ముకునే షరతు వ్యాప్తిలోకి వచ్చింది. ఈ తిరిగి అమ్మకానికి నేడు తరచుగా కనిపించే ధర ముఖవిలువలో 101 శాతం.

అయితే కవనెంట్లు ఎన్ని ఉంటే అంత మంచిదని అనుకోవద్దు. బ్యాంకు అప్పులో షరతు ఇబ్బంది పెడితే ఒకరిద్దరు అధికారులతో కూర్చుని మాట్లాడుకోవచ్చు. బాండ్లు వేల చేతుల్లో చెదిరి ఉంటాయి, ఒక షరతు సడలించాలంటే వారందరి సమ్మతి అడగాలి, సమ్మతి ఇచ్చినందుకు రుసుము కూడా చెల్లించాలి. అందుకే బ్యాంకు అప్పుల్లో ప్రతి మూడు నెలలకూ నిష్పత్తులను సరిచూసే షరతులు సాధారణం కాగా, బాండ్లలో కంపెనీ ఏదైనా కొత్త పనికి పూనుకున్నప్పుడు మాత్రమే పరీక్షించే షరతులు ఎక్కువగా ఉంటాయి. ఎదుగుదల దశలో ఉన్న కంపెనీ బిగుసుకుపోయిన కవనెంట్లకు ఒప్పుకుని 20 బేసిస్ పాయింట్లు మిగుల్చుకుంటే, వదులుకున్న ఒక్క మంచి అవకాశం ఆ ఆదాను ఎన్నో రెట్లు మింగేయవచ్చు.

ప్రశ్న: మార్పిడి హక్కు ఉన్న కన్వర్టిబుల్ బాండ్లను పేరున్న కంపెనీలు 1 శాతం కంటే తక్కువ వడ్డీకి కూడా జారీ చేస్తున్నాయి. ఇంతకంటే చవకైన అప్పు ఉంటుందా?

జవాబు: అందులో అప్పు ఒక భాగమే. 5 ఏళ్ల గడువు, 2 శాతం కూపన్, ముఖవిలువకే అమ్మిన కన్వర్టిబుల్ బాండును తీసుకోండి. అదే కంపెనీ మామూలు బాండుకు 8 శాతం ఇవ్వవలసి ఉంటే, ఈ 2 శాతం చెల్లింపుల అప్పు విలువ 76.04 మాత్రమే. మదుపరి 100 ఇచ్చాడంటే మిగిలిన 23.96 దేనికి ఇచ్చాడు? కంపెనీ వాటాలను ముందే నిర్ణయించిన ధరకు తీసుకునే హక్కుకు. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 32 కూడా ఇలాంటి బాండును సాధారణంగా అప్పు భాగం, వాటా భాగం అని విడదీసి చూపించమంటుంది. అమెరికా ప్రమాణాలు మాత్రం 2020లో చేసిన సవరణతో ఈ విభజనను చాలావరకు తొలగించాయి. దాంతో అక్కడి లెక్కల పుస్తకాల్లో వడ్డీ ఖర్చు మరింత చిన్నదిగా కనిపిస్తుంది, ఆర్థిక వాస్తవం మాత్రం మారలేదు.

టెస్లా కంపెనీ ఉదాహరణ ఇక్కడ బాగా పనికివస్తుంది. 2014లో అది 0.25 శాతం కూపన్‌తో 2019 గడువు గల కన్వర్టిబుల్ బాండ్లను, 1.25 శాతంతో 2021 గడువు గల వాటిని జారీ చేసింది. 2017లో మార్పిడి హక్కు లేని 8 ఏళ్ల మామూలు బాండ్లను జారీ చేసినప్పుడు 5.30 శాతం ఇవ్వవలసి వచ్చింది. సంవత్సరాలూ, గడువులూ వేరు కనుక తేడా అంతా మార్పిడి హక్కుదేనని చెప్పలేం, అయినా ఆ హక్కు ఎంత బరువైనదో తెలుస్తుంది. ఇక పరిణామం చూడండి. మార్పిడి ధర షేరుకు దాదాపు 360 డాలర్లు. 2019 మార్చిలో మొదటి గడువు వచ్చేసరికి షేరు ధర అంతకంటే తక్కువగా ఉంది, కాబట్టి మదుపరులు వాటాలు వద్దని సొమ్మే అడిగారు. కంపెనీ 92 కోట్ల డాలర్లు నగదుగా చెల్లించింది. 2020లో షేరు ధర ఆ మార్పిడి ధరను దాటి ఎన్నో రెట్లు పెరిగింది, రెండో రకం బాండ్లు దాచుకున్నవారికి అదే హక్కు పెద్ద సంపద అయింది. ఇలా కొత్త వాటాలు చేరి పాత వాటాదారుల వంతు పలచబడకుండా కంపెనీ జారీ సమయంలోనే విడిగా రక్షణ ఒప్పందాలు కొనుక్కుంది, వాటికీ డబ్బు చెల్లించింది.

అంటే కంపెనీ బాగుంటే వాటాదారులు తమ లాభంలో భాగం ఇస్తారు, బాగాలేకపోతే నగదు వెతుక్కోవాలి. ఇది చెడ్డ బేరమని నేను అనడం లేదు. ఆదాయం ఇంకా మొదలు కాని కంపెనీకి ఏటా 8 శాతం నగదు చెల్లించడం కంటే ఇది మేలు కావచ్చు. తమ షేరు ధర ఇప్పటికే ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉందని యాజమాన్యం నమ్మితే మరీ మేలు. షేరు చాలా చవకగా ఉందని నమ్మే యాజమాన్యం మాత్రం, కూపన్ ఎంత తక్కువైనా, ఈ దారి తొక్కకూడదు.

ప్రశ్న: బాండు గడువు ఎక్కువ ఉంటే వడ్డీ ఎక్కువ కదా, తక్కువ గడువుతో జారీ చేసి మళ్లీ మళ్లీ తెచ్చుకుంటే సరిపోదా? స్థిర వడ్డీయా, మారే వడ్డీయా?

జవాబు: తక్కువ గడువు సాధారణంగా చవకే. కానీ మళ్లీ తెచ్చుకునే రోజు ఎలా ఉంటుందో మీ చేతిలో లేదు. 2022 మార్చి మొదట్లో అమెరికా కేంద్ర బ్యాంకు విధాన రేటు 0 నుంచి 0.25 శాతం మధ్య ఉండేది, 2023 జూలై నాటికి 5.25 నుంచి 5.50 శాతానికి చేరింది. అంతకు ముందు స్థిర వడ్డీతో దీర్ఘకాల బాండ్లు అమ్మిన కంపెనీలు ఆ కాలాన్ని నిబ్బరంగా దాటాయి, మారే వడ్డీతో తెచ్చుకున్నవాటికి కొన్ని నెలల్లోనే వడ్డీ బిల్లు పెరిగింది. గడువును మీరు ఆ సొమ్ముతో కొనే ఆస్తి ఆయుష్షుతో జత చేయాలి. 20 ఏళ్లు పనిచేసే యంత్రానికి 2 ఏళ్ల అప్పు సరికాదు. మారే వడ్డీ సరిపోయేది, రేట్లతో పాటు తన ఆదాయమూ పెరిగే కంపెనీకి.

గడువును ఎంత దూరం సాగదీయవచ్చో 1993లో వాల్ట్ డిస్నీ సంస్థ చూపించింది. అది 7.55 శాతం కూపన్‌తో 100 ఏళ్ల బాండ్లను జారీ చేసి, 30 ఏళ్ల తరువాత ముందుగా తీర్చే హక్కును తన దగ్గర ఉంచుకుంది. ఆ రేటు చొప్పున చూస్తే, వందేళ్ల తరువాత తిరిగి ఇవ్వవలసిన 100 డాలర్ల నేటి విలువ దాదాపు 7 సెంట్లు. అసలు సొమ్ము ఇంచుమించు లెక్కలోకే రాదు. మదుపరి కొంటున్నది ఒక సుదీర్ఘ వడ్డీ ప్రవాహాన్ని, కంపెనీ కొంటున్నది తిరిగి చెల్లించే ఆందోళన లేని కాలాన్ని.

ప్రశ్న: సింకింగ్ ఫండ్ అంటే ఏమిటి? అది కంపెనీకి భారమా, మేలా?

జవాబు: అసలు మొత్తాన్ని చివరి రోజున ఒకేసారి తీర్చకుండా, ఏటా కొన్ని బాండ్లను వెనక్కి తీసుకోవడం. చివరి రోజు భారం తగ్గుతుంది కనుక మదుపరి కొంచెం తక్కువ వడ్డీకి ఒప్పుకుంటాడు. కంపెనీకి ఇందులో ఒక దాగిన వెసులుబాటు కూడా ఉంటుంది. చాలా ఒప్పందాల్లో, మార్కెట్టులో ధర తక్కువగా ఉంటే అక్కడ కొనవచ్చు, ఎక్కువగా ఉంటే లాటరీ తీసి ముఖవిలువకే వెనక్కి తీసుకోవచ్చు. నగదు రాక నిలకడగా ఉన్న కంపెనీకి ఇది మంచి షరతు. మొదటి ఏళ్లలో రాబడి లేని ప్రాజెక్టుకు మంచిది కాదు.

ప్రశ్న: రేటింగ్ తగ్గితే కూపన్ పెరిగేలా షరతు పెడితే మొదట తక్కువ వడ్డీకి అప్పు దొరుకుతుందని సలహాదారు చెబుతున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: రేటింగ్ పడిపోతుందేమోనని మదుపరులు భయపడుతున్న సమయంలో ఈ షరతు అప్పు పుట్టడానికి సాయపడుతుంది. 2000, 2001 సంవత్సరాల్లో యూరప్ టెలికాం సంస్థలు మూడో తరం మొబైల్ లైసెన్సుల కోసం భారీగా అప్పులు చేస్తున్నప్పుడు డ్యూష్ టెలికామ్, ఫ్రాన్స్ టెలికామ్ వంటివి ఇలాంటి బాండ్లతో మదుపరులను ఒప్పించాయి. తరువాత రేటింగులు తగ్గాయి, అదనపు వడ్డీ చెల్లించవలసి వచ్చింది. ఇందులోని చిక్కు మీకు తెలిసిపోతూనే ఉంటుంది. కంపెనీ బలహీనపడిన నాడే వడ్డీ పెరుగుతుంది, పెరిగిన వడ్డీ దాన్ని ఇంకొంచెం బలహీనపరుస్తుంది. పెట్టుబడికి తగిన స్థాయిలో అట్టడుగు మెట్టు అయిన బీబీబీ మైనస్ దగ్గర ఉన్న కంపెనీకి ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ మెట్టు దిగితే చాలా సంస్థలు నియమాల ప్రకారం ఆ బాండ్లను కొనలేవు. అప్పుడే కూపన్ కూడా పెరగడం గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది. రెండు మూడు మెట్లు పైన ఉండి, అక్కడే నిలబడగలమన్న నమ్మకం మీకు ఉంటే ఒప్పుకోండి, అప్పుడు మీ నమ్మకాన్ని మీరు సొమ్ముతో చూపించినట్లు అవుతుంది.

షరతును కంపెనీ ఆర్థిక స్థితికి ముడిపెట్టకుండా, తన చేతిలో ఉన్న లక్ష్యానికి ముడిపెట్టే పద్ధతి ఇటీవల వచ్చింది. ఇటలీ విద్యుత్ సంస్థ ఎనెల్ 2019లో, పునరుత్పాదక విద్యుత్ సామర్థ్యం వాటా నిర్ణీత స్థాయికి చేరకపోతే కూపన్ 0.25 శాతం పెరిగేలా బాండ్లను జారీ చేసింది. ఆ లక్ష్యం నెరవేరింది. తరువాతి బాండ్లకు పెట్టుకున్న 2023 ఉద్గారాల లక్ష్యం మాత్రం తప్పింది, ఆ బాండ్ల మీద 0.25 శాతం అదనపు వడ్డీ పడింది. మీ సలహాదారు ఇలాంటిది సూచిస్తే మూడు సంగతులు అడగండి: లక్ష్యం తప్పితే పెరిగే వడ్డీ ఎంత, దానికి బదులుగా నేడు తగ్గే వడ్డీ ఎంత, లక్ష్యం తప్పే అవకాశం ఎంతని మీ సొంత ఇంజనీర్లు అంటున్నారు? ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసుకున్న తరువాతే సంతకం చేయండి.